చేదుగా ఉండని విషం

నేలవేము కషాయం గొంతు దిగకముందే మన ఇళ్లలో "అబ్బ, చేదు విషం!" అనేస్తారు. ఆ కషాయం మందు. అందులో చేదే తప్ప విషం లేదు. అయినా ఈ రెండు మాటల్నీ మన నాలుక విడదీయదు.

'చేదు' అచ్చ తెలుగు, నాలుకకు తగిలే రుచి. 'విషం' సంస్కృతం నుంచి వచ్చింది. దాని మూలంగా చెప్పే 'విష్' ధాతువుకు వ్యాపించడమని అర్థం. విష్ణు శబ్దాన్నీ పండితులు అక్కణ్నుంచే సాధిస్తారు. అంటే పుట్టుకలో ఈ మాటకు రుచితో పనే లేదు. లోపలికి చేరి అంతటా పాకేదే విషం.

విశాఖ ఈ తేడాను నిఘంటువు చూసి నేర్చుకోలేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి బయటపడింది. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగింది గానీ నిల్వ ఉన్న స్టైరీన్ ఆగలేదు. దాన్ని గడ్డకట్టకుండా ఆపే రసాయనం తగ్గిపోయింది, చల్లబరిచే ఏర్పాటు చాలలేదు, ద్రవం తనంతట తాను మరిగిపోయింది. గాలికన్నా బరువైన ఆవిరి నేలబారుగా వీధుల్లోకి పాకింది. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్లు రోడ్డు మీదే కుప్పకూలారు. పశువులూ చచ్చిపోయాయి. 12 మంది ప్రాణాలు పోయాయి, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

స్టైరీన్‌ది చేదు వాసన కాదు, కాస్త తీపి. 19వ శతాబ్దంలో దీన్ని మొదట స్టోరాక్స్ అనే చెట్టు బంకలోంచి తీశారు, పేరూ దాన్నుంచే వచ్చింది. ఆ బంక మన పచారీ కొట్లలోని శిలారసమే. ధూపంలో వేస్తారు!

దీనికన్నా విశాఖ పోర్టు బొగ్గుదుమ్ము నయం. కిటికీ చువ్వ తుడిస్తే వేలికి నల్లగా అంటుతుంది, పాతనగరం వాళ్లు ఆ వేలు చూపించి అధికారుల్ని నిలదీయగలరు. అర్ధరాత్రి తియ్యటి వాసనొస్తే ఏం చేయాలో వెంకటాపురానికి ఎవరు నేర్పారు? ఆ రోజు సైరన్ కూడా మోగలేదని ప్రభుత్వ హైపవర్ కమిటీయే తేల్చింది.

ఫ్యాక్టరీ గేట్ల మీద పుర్రె బొమ్మ, 'ప్రమాదం' అన్న ఒక్క మాట సరిపోవు. లోపల ఏముంది, దాని వాసన ఎలా ఉంటుంది, గాలి ఎటు వీస్తే మనం ఎటు పరుగెత్తాలి, ఇవన్నీ తెలుగులో రాసిన బోర్డు గేటు బయట ఉండాలి. మీ పేటకు దగ్గర్లో అలాంటి ట్యాంకు ఉంటే, ఆ బోర్డు ఎక్కడని రేపే వెళ్లి అడగండి.

— తీరవాసి