అవ్వ మాటకు మార్కులు లేవా?

పదో తరగతి సాంఘికశాస్త్రం పరీక్షలో పిల్లలకు ఒక పేరా ఇచ్చి "చదివి వ్యాఖ్యానించండి" అంటారు. కేంద్ర సిలబస్ బడుల్లో చరిత్ర ఆధారం ఒకటి ఇచ్చి దాని మీద ప్రశ్నలు వేస్తారు. బట్టీ పట్టిన జవాబు కాకుండా, కళ్లెదుట ఉన్న ఆధారాన్నీ తమకు తెలిసిన విషయాన్నీ కలిపి పిల్లలు ఆలోచించి రాయాలన్నది దీని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. 2014లో కొత్త పదో తరగతి పుస్తకాలు వచ్చినప్పుడు మనలో చాలామంది సంతోషించాం కూడా. కానీ ఖమ్మం, భద్రాచలం అడవి అంచు ఊళ్లలో ఈ ప్రశ్నకు పట్టిన గతి చూస్తే, ఇది నాలుగు మార్కుల గొడవ కాదని తెలుస్తుంది. ఎవరి మాట సాక్ష్యం, ఎవరి మాట పుక్కిటి పురాణం అని తేల్చే అధికారం ఎవరిదన్నదే అసలు గొడవ. ఆ అధికారం చేతిలోనే ఇక్కడ భూములు పోతున్నాయి. అందుకే హక్కుల పత్రికలో పరీక్ష గురించి రాస్తున్నాను.

ఒక ఆధారాన్ని చదవడానికి ముందు అడగాల్సినవి నాలుగు ప్రశ్నలు. దీన్ని ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఎవరి కోసం రాశారు? ఏం రాయకుండా వదిలేశారు? మొదటి మూడింటికి జవాబు పేరాలోనే దొరకవచ్చు. నాలుగో దానికి దొరకదు. అక్కడే చదివే పిల్ల తనకు తెలిసినది తెచ్చి పక్కన పెట్టాలి.

ఉదాహరణకు 1879 రంప తిరుగుబాటు మీద ఒక పేరా ఇచ్చారనుకుందాం. ఆనాటి ఇంగ్లీషు అధికారుల రాతల్లో దాని పేరు పితూరి. ఆ ఒక్క మాట దగ్గరే ఆగి చూడండి. ఏలేవాడి వైపు నిలబడి చూసినవాడికే అది పితూరి. పన్ను కట్టేవాడికి అది బతుకు పోరు. కల్లు మీద పన్ను, పోడు మీద ఆంక్షలు, మన్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం, షావుకార్ల అప్పులు, ఇవి కారణాలని పాఠం చెబుతుంది. ఆ తిరుగుబాటు భద్రాచలం తాలూకాలోని రేకపల్లి వైపుకూ పాకింది. ఎందుకు పాకింది? ఆ ప్రాంతాన్ని 1874లో మధ్యపరగణాల నుంచి తీసి మద్రాసు ప్రభుత్వం కింద కలిపారు. ఆ తరవాత పోడు మీద పన్ను పెరిగింది. ఇంతవరకు కాగితాల్లో ఉంది. ఎండాకాలం కోయ ఇంట్లో కల్లు మత్తుపానీయం కాదు, తిండి. దాని మీద పన్ను పడినప్పుడు ఆ ఇంటి ఆడది పిల్లలకు ఏం పెట్టింది? ఏ దుంప తవ్వింది? ఏ అధికారీ ఇది రాసుకోలేదు. ఈ ప్రశ్న వేయగలిగిన పిల్లకు పూర్తి మార్కులు రావాలి.

వస్తున్నాయా? నేను దుమ్ముగూడెం, చర్ల వైపు ఊళ్లలో సాయంత్రాలు ఆడపిల్లలతో కూర్చుంటాను. ఒకమ్మాయి అడవి చట్టాల మీద ఇచ్చిన పేరాకు జవాబు రాస్తూ, "అడవిలో కర్రకు పోతే గార్డుకు కోడి ఇచ్చుకోవాల్సి వచ్చేదని మా అవ్వ చెప్పింది" అని ఒక వాక్యం చేర్చింది. ఆ వాక్యం మీద ఎర్ర సిరా గీత పడింది. పక్కన "పాఠంలో లేదు" అని రాసి ఉంది. గైడులోని ఐదు వాక్యాలు దింపిన పక్క బెంచీ పిల్లకు పూర్తి మార్కులు. ఆలోచించమని అడిగి, ఆలోచించినందుకు మార్కులు కోయడం ఏ న్యాయం?

దీనికి టీచరు ఒక్కరినే తప్పు పట్టి లాభం లేదు. జవాబు పత్రాలు దిద్దేవారికి అచ్చేసిన జవాబు ఉంటుంది, దానితో సరిపోలిందా లేదా అన్నదే చూస్తారు. పైగా కోయ మాట తెలిసిన టీచరు బడికి వచ్చే దారే ఇరుకైంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. అవ్వ ఏ మాటలో చెప్పిందో తెలియనివారు ఆ మాటకు విలువ ఎలా కడతారు?

ఇక్కడే మనం గట్టిగా అడగాలి. బడి ఒప్పుకోని ఈ సాక్ష్యాన్ని ఈ దేశ చట్టం ఒప్పుకుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద చేసిన నియమాల్లో 13వది చదవండి. ప్రభుత్వ రికార్డులు, రేషన్ కార్డు, ఓటరు కార్డుతో పాటు చదును చేసిన నేల, కట్టిన గట్టు, బావి, సమాధులు, దేవతల స్థలాలు, వంశవృక్షం, ఇవన్నీ సాక్ష్యాలే. హక్కు కోరేవారు కాక ఊరి పెద్దలు వేరేవారు చెప్పిన మాటను రాసుకుంటే అదీ సాక్ష్యమే. 2012 సవరణ ఇంకో అడుగు ముందుకేసింది. ఫలానా కాగితమే తెమ్మని కమిటీలు పట్టుబట్టకూడదు. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే, వాటికి బదులు కాదు.

ఆచరణలో ఏం జరుగుతోంది? "ఆధారం లేదు" అన్న రెండు మాటలతో దరఖాస్తు తిరిగొస్తుంది. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, దరఖాస్తులు తిరస్కరించినవారిని ఖాళీ చేయించమన్నప్పుడు దేశమంతటా లక్షల కుటుంబాల గుండె ఆగినంత పనైంది. 28వ తేదీన ఆ ఉత్తర్వును నిలిపేశారు గనక ఊపిరి పీల్చుకున్నాం. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అది పోరాట ఫలితం. అయినా తిరస్కరణ కాగితం కొంగున కట్టుకుని తిరిగే ఆడవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. "పాఠంలో లేదు" అని గీత కొట్టిన చెయ్యీ, "రికార్డులో లేదు" అని దరఖాస్తు తోసేసిన చెయ్యీ ఒకే బడిలో చదువుకున్నాయి.

రికార్డు లేకపోవడం ఎవరి నేరం? భద్రాచలం కథ చూడండి. నిజాం దాన్ని 1860లో ఇంగ్లీషువారికి ఇచ్చాడు. వాళ్లు మధ్యపరగణాల్లో కలిపారు. 1874లో మద్రాసుకు మార్చారు. 1959లో తూర్పుగోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో పోలవరం కోసం కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. కాగితాలు నాగపూరు, మద్రాసు, రాజమండ్రి, ఖమ్మం అంటూ ఊరేగాయి. ఊరు మాత్రం అక్కడే ఉంది, ఊరి జ్ఞాపకమూ అక్కడే ఉంది. కాగితాన్ని తిప్పినవాడు, కాగితం ఏదని కోయ రైతును అడుగుతున్నాడు.

జ్ఞాపకం తప్పుతుంది కదా అంటారు. తప్పుతుంది. కాగితమూ తప్పుతుంది, కావాలని కూడా తప్పుతుంది. అందుకే చట్టం ఒకటికి మించిన సాక్ష్యాలను చూడమంది. చరిత్ర చదివే పద్ధతీ అదే. మా దగ్గర ముసలమ్మలు సంవత్సరం అంకె చెప్పరు. "పెద్ద వరద ఏడు" అంటారు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది, అది లెక్కల్లో ఉంది. "ఆ వరదకు ముందు ఈ చేలో మూడు పంటలు తీశాం" అని ఒక ముసలమ్మ చెబితే, ఆ భూమి 1986 నాటికే సాగులో ఉన్నట్టు. చట్టం పెట్టిన గడువు 2005 డిసెంబరు 13. మధ్యలో దాదాపు 20 ఏళ్లు ఉన్నాయి! ఇంకో ఇద్దరిని విడివిడిగా అడగండి, గట్టు చూడండి, చెట్టు మొదలు చూడండి. కలిస్తే అది గట్టి సాక్ష్యం. కలవకపోతే వదిలేయండి. ఇంతకంటే శాస్త్రీయ పద్ధతి ఏ పరీక్ష నేర్పుతుంది?

పాఠ్యపుస్తకం ఈ పని చేయగలదని రుజువు కూడా ఉంది. 2006 నాటి ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి చరిత్ర పుస్తకంలో 1910 బస్తర్ తిరుగుబాటు గురించి అక్కడి పెద్దలు తమ కన్నవారి నుంచి విన్న మాటలను ఆధారంగా అచ్చువేశారు. శబరికి ఆవల చెల్లిన మాట ఈవల ఎందుకు చెల్లదు?

పెద్దలు అనగానే మగవాళ్లనే పిలవడం ఇంకో అన్యాయం. చట్టం పట్టాను భార్యాభర్తలిద్దరి పేరున ఇమ్మంది. గ్రామసభ కోరంలో మూడో వంతు స్త్రీలుండాలంది. కానీ వాంగ్మూలం రాసుకునేటప్పుడు ముసలాయన్ని మంచం మీద కూర్చోబెట్టి అడుగుతారు, విత్తనం దాచినామె, కలుపు తీసినామె, ఏ గట్టు ఎప్పుడు వేశారో తెలిసినామె వెనక నిలబడుతుంది. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను సేకరించి 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. అంతవరకు రాసిన చరిత్రలో ఎంత ఖాళీ ఉందో ఆ పుస్తకం చూపింది. ఆ పని అడవి ఊళ్లలో ఇంకా మిగిలే ఉంది.

కాబట్టి మన సంఘాలు ఈ కింది వాటి కోసం పట్టుబట్టాలి.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చెప్పారో రాసి, పేరాతో పోల్చి చూపితే, ఇంటి పెద్దల మాటకూ మార్కులు వేయాలని దిద్దేవారికి రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి.

ప్రతి ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలు ఏడాదికి ఇద్దరు ముసలమ్మల మాటలు సేకరించి, ఒక ప్రభుత్వ కాగితంతో పోల్చే పని చేయాలి. దాన్ని ప్రాజెక్టు మార్కుల్లో లెక్కించాలి.

గ్రామసభలో స్త్రీల వాంగ్మూలం విడిగా, వారి మాటలో తీసుకుని, చదివి వినిపించాకే వేలిముద్ర వేయించాలి.

తిరస్కరిస్తే కారణం రాసి చేతికివ్వాలి. 60 రోజుల్లో పై కమిటీకి వెళ్లవచ్చని ఆమెకు చెప్పాలి.

వీటిలో మొదటిది సాధించడానికి హైదరాబాదు దాకా పోవాలి. మిగతావాటికి వచ్చే గ్రామసభ నుంచే పూనుకోవచ్చు. పోయిన పట్టాను పోరాడి తెచ్చుకోవచ్చు. చెప్పే ముసలమ్మ పోతే ఆమె సాక్ష్యాన్ని ఏ కోర్టూ తెచ్చివ్వదు. నోటు పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఈ వేసవిలోనే పిల్లలను వాళ్ల అవ్వల దగ్గరకు పంపుదాం.