మన ఒంటి లెక్క మందుకు తెలుసా?

తెల్లాపూర్‌లో పిల్లలు అమెరికాలో స్థిరపడిన ఇళ్లు చాలానే కనిపిస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ అమ్మాయికి పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయి, ముఖం మీద ఎర్రటి దద్దు, వదలని నీరసం. అక్కడి రుమటాలజిస్టు లూపస్ అని తేల్చారనుకోండి. ఆస్పత్రి ఫారంలో జాతి ఏమిటని ఒక ప్రశ్న ఉంటుంది. ఆమె టిక్కు పెట్టేది ‘ఏషియన్’ అన్న గడిలో. తెలుగమ్మాయి, చైనా అమ్మాయి, కొరియా అమ్మాయి అందరూ ఆ ఒక్క గడిలోకే వెళ్తారు. ఇక్కడున్నంత కాలం మైనారిటీ అన్న మాట తమ గురించి అనుకోనివాళ్లు కూడా విమానం దిగగానే ఆ లెక్కలో చేరిపోతారు.

ఇది గుర్తింపు గొడవ కాదు, మందుల గొడవ. లూపస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మన కీళ్ల మీద, చర్మం మీద, కిడ్నీల మీద దాడి చేస్తుంది. దీని బారిన పడే పదిమందిలో దాదాపు తొమ్మిది మంది ఆడవాళ్లే. అమెరికాలో తెల్లజాతి మహిళల కంటే నల్లజాతి, హిస్పానిక్, ఆసియా మహిళలకు ఇది ఎక్కువగా వస్తుంది, కిడ్నీలు దెబ్బతినడమూ వాళ్లలోనే ఎక్కువ. మరి మందుల ట్రయల్స్‌లో? యాభై ఏళ్ల తర్వాత లూపస్ కోసం వచ్చిన కొత్త మందు బెలిముమాబ్‌కు అక్కడి ప్రభుత్వం 2011లో అనుమతి ఇచ్చింది. దాని పెద్ద ట్రయల్స్‌లో నల్లజాతి రోగులు చాలా తక్కువ. ఉన్న కొద్దిమందిలోనూ అది పనిచేస్తోందో లేదో తేలలేదు. వాళ్ల కోసం విడిగా ట్రయల్ చేయమని కంపెనీని ఆదేశించాల్సి వచ్చింది. ఏళ్ల తర్వాత ఆ ఫలితం వచ్చినా స్పష్టమైన జవాబు దొరకలేదు.

మన సంగతికొద్దాం. లూపస్‌కు, మరికొన్ని వాత జబ్బులకు వాడే అజాథయోప్రిన్ మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు వాడుతుండవచ్చు. కొందరి ఒంట్లో ఈ మందు సరిగా విరగక పేరుకుపోతుంది. తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఎవరికి ఇలా అవుతుందో ముందే చెప్పడానికి పాశ్చాత్య దేశాల్లో టీపీఎంటీ అనే జన్యువు మీద చాలాకాలం ఆధారపడ్డారు. ఐరోపా మూలాల వాళ్లకు అది బాగానే పనికొచ్చింది. ఆ పరీక్షలో ఏ తేడా లేని ఆసియా రోగులకు కూడా కణాలెందుకు పడిపోతున్నాయో మాత్రం తెలియలేదు. 2014లో కొరియా పరిశోధకులు తమ రోగుల్లోనే వెతికితే ఎన్‌యూడీటీ15 అనే మరో జన్యువు దొరికింది. అందులోని తేడాలు ఐరోపా వాళ్లలో అరుదు, తూర్పు ఆసియాలోనూ మన దక్షిణాసియాలోనూ మామూలు. అంతకుముందు దశాబ్దాల పాటు మనవాళ్లకు ఈ మందు ఇస్తూనే ఉన్నారు కదా. ఇకనుంచైనా, మందు మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. మొదటి వారాల్లో రక్తపరీక్షలు తప్పించకండి. ఆ రోజుల్లో జుట్టు కుచ్చులుగా రాలిపోతుంటే షాంపూ మార్చడం కాదు, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

హైడ్రాక్సీక్లోరోక్విన్ సంగతీ ఇలాంటిదే. లూపస్‌కు ఇది ప్రాణాధారం లాంటి మందు, భయపడి మానేయకూడదు. అయితే ఏళ్ల తరబడి వాడితే కొందరిలో కంటి రెటీనా దెబ్బతింటుంది. ఆ దెబ్బ కంటి మధ్యభాగం దగ్గర మొదలవుతుందని పుస్తకాల్లో ఉండేది. కాలిఫోర్నియాలో చేసిన ఒక అధ్యయనంలో, 2015లో బయటపడ్డ విషయం వేరు: ఇలా కళ్లు దెబ్బతిన్న ఆసియా రోగుల్లో సగం మందికి ఆ దెబ్బ మధ్యకు దూరంగా, అంచువైపు ఉంది. తెల్లవాళ్లలో అలా ఉన్నది నూటికి ఇద్దరికే. మధ్యలో మాత్రమే చూసే పరీక్షకు అది చిక్కదు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మందు వాడుతున్నానని చెప్పి, అంచులు కూడా చూడమనండి.

ఇక డబ్బు మాట. లూపస్ కిడ్నీలకు సోకితే ఇచ్చే సైక్లోఫాస్ఫమైడ్‌లో ‘తక్కువ మోతాదు’ పద్ధతి ఐరోపాలో, ఎక్కువగా తెల్లవాళ్ల మీద పరీక్షించింది. మనకు సరిపోతుందా అన్నది సందేహం. చండీగఢ్ పీజీఐ వైద్యులు వంద మంది మన రోగుల మీద దాన్ని మైకోఫినోలేట్‌తో పోల్చి, రెండూ దాదాపు సమానమేనని 2016లో ప్రచురించారు. రెండోది ఖరీదైన మందు. నెలనెలా మందుల బిల్లు కట్టే ఇంటికి ఆ ఒక్క పరిశోధన విలువ ఏమిటో వేరే చెప్పాలా?

అందుకే నిమ్స్ లాంటి ఆస్పత్రిలో ‘మీ వివరాలు, కొంచెం రక్తం మా అధ్యయనానికి ఇస్తారా’ అని అడిగితే వెంటనే వద్దని లేచి రాకండి. మీ జంకు అర్థంలేనిదని మాత్రం నేననను. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టును మర్చిపోలేం. చాలా ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. మరుసటి ఏడాది దాన్ని ఆపేశారు. అక్కడ తప్పు టీకాది కాదు, అనుమతి తీసుకున్న తీరుది. ఇప్పుడు 2019 నాటి నిబంధనల ప్రకారం ట్రయల్ గురించి మీకు అర్థమయ్యే భాషలో చెప్పాలి, దానివల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా మానుకునే హక్కు మీకుంది. ముందుగా అడగాల్సింది ఒకటే: ఇది కొత్త మందు ట్రయలా, లేక నా జబ్బు వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీనా? రెండోదానిలో మీ వైద్యం మారదు. ట్రయలైతే సీటీఆర్‌ఐ నంబరు అడగండి. దాన్ని ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. డాలస్‌లోని అమ్మాయికీ ఇదే చెప్పండి. అక్కడ ‘ఏషియన్’ గడి పక్కన ‘ఇండియన్’ అని కూడా రాయమనండి.

ఇంకో మైనారిటీ మన గేటు దగ్గరే ఉంది. తెల్లాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా లేస్తున్న భవనాల్లో గ్రానైట్, టైల్స్ కోసేవాళ్లలో ఒడిశా, బిహార్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. నీళ్లు చల్లకుండా రాయి కోస్తే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులనే కాదు, కీళ్లవాతానికీ, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మాకూ దారితీయగలదని వైద్యులకు ఎప్పట్నుంచో తెలుసు. అమెరికాలో 1994లో మొదలైన ల్యూమినా అధ్యయనం, లూపస్ రోగుల మరణాలను ముందే సూచించేది జాతి కంటే పేదరికమేనని చూపింది. కీళ్లు వాచిన ఆ కూలీ మెడికల్ షాపులో నొప్పిమాత్ర కొనుక్కుని మళ్లీ పనికి వెళ్తాడు. మరీ చేతకాకపోతే సొంతూరు రైలెక్కుతాడు. ఏ రిజిస్ట్రీలోనూ అతని పేరుండదు. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రిలోనో మరోచోటో వారానికో రోజు కార్డుతో పనిలేకుండా ఇలాంటివాళ్లను చూసి, ఒడియాలో, హిందీలో అడిగి వివరాలు నమోదు చేయడానికి పెద్ద ఆస్పత్రుల రుమటాలజీ విభాగాలు ముందుకు రావాలి. అందాకా మీ ఫ్లాట్‌లో రాయి కోయిస్తుంటే నీళ్ల పైపు పెట్టించండి, మాస్కు ఇప్పించండి.