వేడినీళ్లకు పేరు మారిస్తే బలం రాదు

చలికాలం మొదలైందంటే దుకాణాల్లో సూప్ ప్యాకెట్లు ముందు వరుసలోకి వస్తాయి. పెళ్లి విందుల్లో స్వీట్ కార్న్ సూప్, మంచౌ సూప్ తప్పనిసరి అయ్యాయి. రాత్రి అన్నం మానేసి ఒక కప్పు సూప్ తాగి పడుకోమని సలహా ఇచ్చేవాళ్లకూ కొదవ లేదు. వీటన్నిటి వెనకా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది. సూప్ ఏదైనా ఆరోగ్యమే, కానీ ఇంట్లో చేయాలంటే ఖర్చు, శ్రమ; ప్యాకెట్ అయితే చవక, తేలిక అని. ఇందులో ఒక్క మాట కూడా నిలబడదు. సూప్ బలమంతా గిన్నెలో ఏం వేశామన్న దాని మీదే ఉంటుంది. ఆ వేయాల్సినవి మన వంటింటి డబ్బాల్లో, వీధి చివర కూరగాయల బండి మీద ఇప్పటికే ఉన్నాయి.

ముందు ప్యాకెట్ వెనకవైపు చదవండి. మన దేశ నిబంధనల ప్రకారం ఏ పదార్థం బరువు ఎక్కువుంటే దాన్ని ముందు రాయాలి. చాలా సూప్ పొడుల్లో ఆ మొదటి వరుసలో కనిపించేవి మొక్కజొన్న పిండి లేదా మైదా, చక్కెర, ఉప్పు. ఎండబెట్టిన కూరగాయలు తరచూ పిండి తర్వాతే వస్తాయి. ఒక కప్పుకు సరిపడే ప్యాకెట్ మొత్తం బరువే పది, పదిహేను గ్రాములు. అందులోంచి పిండి, చక్కెర, ఉప్పు తీసేస్తే కూరగాయ ఎంత మిగులుతుందో ఎవరైనా లెక్కేసుకోవచ్చు. సోడియం అంకెను కూడా చూడండి. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 600 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒకటిన్నర గ్రాముల ఉప్పు. రోజు మొత్తానికి ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతోంది. మన భోజనంలో ఆవకాయ, అప్పడం, పచ్చడి ఎలాగూ ఉంటాయి. వాటి మీద ఈ కప్పు కూడా చేరితే రక్తపోటు ఉన్న ఇంటి పెద్దలకు అది ఆరోగ్య పానీయం ఎలా అవుతుంది?

ప్యాకెట్ మీద మోనోసోడియం గ్లూటమేట్‌ను సూచించే 621 అనే నంబరును చూసి హడలిపోమని నేను చెప్పడం లేదు. రుచినిచ్చే ఆ గ్లూటమేట్ టమాటాలోనూ సహజంగా ఉంటుంది. ప్యాకెట్‌లో ఉన్నదానికన్నా లేనిదాని గురించే నా బాధ. అందులో చెప్పుకోదగినంత పప్పు లేదు, ఆకు లేదు, పీచు లేదు.

ఇప్పుడు ఇంట్లో చేసే పప్పు సూప్ ఖర్చు చూద్దాం. పెసరపప్పు కిలో 120 రూపాయలనుకుంటే నలుగురికి సరిపోయే 100 గ్రాములు 12 రూపాయలు. రెండు టమాటాలు, ఒక క్యారెట్, చిన్న సొరకాయ ముక్క, గుప్పెడు ఆకుకూర, అల్లం, వెల్లుల్లి, చెంచాడు నెయ్యి కలిపినా చలికాలపు ధరల్లో మొత్తం 40, 50 రూపాయల్లో తేలుతుంది. తలకు పది, పన్నెండు రూపాయలు. ఆ 100 గ్రాముల పెసరపప్పులో దాదాపు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. నలుగురికి పంచితే ఒక్కొక్కరికి ఆరు గ్రాములు, ఒక కోడిగుడ్డులో ఉండేటంత. అదే పది రూపాయలకు పొడి ప్యాకెట్ పిండినీళ్లిస్తుంది. ఇక హోటల్లో ఒక గిన్నె సూప్‌కు ఇచ్చే డబ్బుతో కిలో పెసరపప్పు కొనుక్కోవచ్చు.

చలికాలంలో కూరగాయలు పుష్కలంగా దొరుకుతాయి. చిక్కుడు, పచ్చి కందికాయ, ముల్లంగి, పాలకూర, మెంతికూర, రాయలసీమలో అనపగింజలు అన్నీ ఈ కాలానివే. ధర పడిపోయినప్పుడు కర్నూలు జిల్లా పత్తికొండలో రైతులు టమాటాలను రోడ్డు మీద పారబోసిన ఏళ్లున్నాయి. మన రైతు టమాటా మట్టిపాలవుతుంటే, టమాటా వాసన వేసిన పిండిని మనం డబ్బిచ్చి కొనుక్కోవడం నాకు మింగుడుపడదు.

చేసే పద్ధతి ఇది. పెసరపప్పును దోరగా వేయించి కడగండి. టమాటా, క్యారెట్, సొరకాయ ముక్కలు, పసుపు, దంచిన అల్లం వెల్లుల్లి, ఆరు గ్లాసుల నీళ్లతో కుక్కర్‌లో మూడు, నాలుగు విజిల్స్ రానివ్వండి. మూత తీశాక పప్పుగుత్తితో మెదపండి, వడకట్టకండి. గుప్పెడు మునగాకు వేసి ఐదు నిమిషాలు మరగనివ్వండి. మిరియాలు, జీలకర్ర కచ్చాపచ్చాగా దంచి వేసి, ఉప్పు చివర్లో కొద్దిగానే కలపండి. నేతిలో వెల్లుల్లి తాలింపు పెట్టండి. ఆకుకూరలోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే ఆ కాస్త కొవ్వు కావాలి. నిమ్మరసం మాత్రం స్టవ్ ఆపాకే పిండాలి, విటమిన్ సి వేడికి నశిస్తుంది. అది ఉంటే ఆకులోని, పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. చిక్కదనం ఇంకా కావాలంటే కార్న్‌ఫ్లోర్ అక్కర్లేదు. చెంచాడు రాగిపిండిని చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మరిగే సూప్‌లో పోస్తే చాలు. మునగాకు 100 గ్రాముల్లో కాల్షియం 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది, అంతే పాలలో ఉండేదానికి రెట్టింపుకన్నా ఎక్కువ. పెరట్లో చెట్టున్న ఊళ్లలో దీనికి పైసా ఖర్చు లేదు.

వడకట్టకండి అన్న మాట దగ్గర ఒక క్షణం ఆగాలి. తేటగా ఉన్న సూప్ గొప్పదన్న నమ్మకం హోటళ్ల నుంచి వచ్చింది, కానీ మనవాళ్ల వంటకాల్లోనూ ఆ లోపం ఉంది. ఉలవచారునే తీసుకోండి. పశువులకు ఉలవలు ఉడకబెట్టి, ఆ కట్టుతో మనుషులు చారు కాచుకున్నారు. రుచిలో దానికి సాటి లేదు. కానీ ఉలవల్లో 100 గ్రాములకు 22 గ్రాముల దాకా ఉండే ప్రొటీన్‌లో ఎక్కువ భాగం గింజలోనే మిగిలిపోతుంది. అందుకే కట్టు తీసుకున్నాక సగం గింజలను మెత్తగా రుబ్బి అందులోనే కలపాలి, మిగతా సగం గుగ్గిళ్లు చేసుకోవాలి. చింతపండు నీళ్లలో ఉప్పు, కారం వేసి మరిగించిన చారు కూడా నోటికి హితవే తప్ప కడుపుకు ఆహారం కాదు. పాతది కాబట్టి మంచిదని నేను వాదించడం లేదు. పప్పు, ఆకు ఉన్నదే మంచిదంటున్నాను.

ఎముకల సూప్ మీద ఉన్న భ్రమనూ వదిలించుకోవాలి. ఎముకలు గంటలు గంటలు మరగబెడితే కాల్షియం దిగుతుందని చాలామంది నమ్మకం. నిజానికి దిగేది చాలా తక్కువ. అందులోని కొల్లాజెన్ కూడా కడుపులో మామూలు ప్రొటీన్‌లాగే అరిగిపోతుంది, నేరుగా మోకాళ్లకు చేరదు. హైదరాబాదీ మరగ్, పాయా రుచి కోసం తాగండి, మాంసం ముక్కలూ తినండి. బలం కోసమని అప్పు చేసి తాగనక్కర్లేదు. అలాగే మిరియాల సూప్ జలుబును నయం చేయదు. వేడి ఆవిరికి గొంతు తేలికపడుతుంది, ఒంట్లోకి నీరు చేరుతుంది. ఆ మేలు చాలు, లేనిది అంటగట్టక్కర్లేదు.

చివరికి అందరూ చెప్పే కారణం సమయం. ఉద్యోగం చేసి ఇంటికొచ్చిన ఆడవాళ్ల మీద ఇంకో వంట మోపుతారా అన్న ప్రశ్న న్యాయమైనది. కానీ దానికి జవాబు ప్యాకెట్ కాదు. ఇంట్లో మగవాళ్లు, పెద్దపిల్లలు కూడా కూరగాయలు తరగడమే జవాబు. గిన్నెలో కాచే సూప్ పొడికైనా ఉండకట్టకుండా కలుపుతూ పొయ్యి దగ్గర నిలబడాలి. కుక్కర్ ఎక్కించాక ఎవరూ నిలబడక్కర్లేదు. రాత్రి పప్పుకోసం ఎలాగూ కుక్కర్ పెడతారు. అందులో ఇంకో గుప్పెడు పప్పు వేసి, ఉడికాక రెండు గరిటెలు పక్కకు తీసి పలచన చేస్తే అదే సూప్. పొయ్యి లేని గదుల్లో ఉండే కుర్రాళ్లు ఒక పూట ప్యాకెట్ తాగితే వాళ్లను తప్పుపట్టను. దాన్ని ఆరోగ్యమని అమ్మేవాళ్లనే తప్పుపడతాను.

2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ ఇవ్వడం మొదలైంది. పిల్లలకు వేడిగా, చవకగా బలమైనది ఇవ్వొచ్చని అది చూపించింది. పాడేరు, అరకు, ఉట్నూరు వైపు చలి ఎముకలు కొరికే సంక్షేమ హాస్టళ్లలో డిసెంబరు, జనవరి సాయంత్రాలు పెసరపప్పు, మునగాకు సూప్ ఇవ్వడానికి కొత్త పథకం పేరు కూడా అక్కర్లేదు. పప్పు, కుక్కర్ అక్కడున్నవే. ఇంట్లో గృహస్థు, హాస్టల్లో ప్రభుత్వం పది రూపాయల్లో చేయగలిగిన పనిని ఖరీదైనదని చెప్పి తప్పించుకోవడం ఇక మానాలి.