చూల్హా మారింది, దేగ్ మారలేదు

2024 నవంబర్ 1న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు దీపం-2 పథకాన్ని మొదలుపెట్టింది మన శ్రీకాకుళం జిల్లాలోనే, ఈదుపురంలో. ఒక ఇంటికి వెళ్లి స్టవ్ వెలిగించి తానే చాయ్ కాచారు. అప్పటి నుంచి అర్హులైన ఇళ్లకి ఏడాదికి మూడు సిలిండర్లు ముఫ్త్. మంచి పనే. పొయ్యి ఊదుతూ కళ్లు మండించుకున్న మన నానీమాల జమానాకి ఈ సుఖం దక్కలేదు. చాయ్ గిన్నెకి ఆ స్టవ్ సరిగ్గా సరిపోతుంది కూడా. నా ఫికర్ చాయ్ గిన్నె గురించి కాదు. దేగ్ గురించి.

టెక్కలి నుంచి నౌపడ మీదుగా మూలపేట దాకా, అటు పలాస దాకా ఏ ఇంట్లో చూసినా గ్యాస్ వచ్చేసింది. సామాను మాత్రం కట్టెల పొయ్యి నాటిదే. ఉద్దానంలో పొయ్యి అంటే కొబ్బరి మట్టలు, డొక్కలు, జీడి కొమ్మలు, సరుగుడు కట్టెలు. ఆ పొయ్యి మీద గిన్నె మూడు రాళ్ల మధ్య దిగి కూర్చునేది. అందుకే అడుగు గుండ్రంగా ఉన్నా నడిచింది. మసి పట్టకుండా అడుగున మట్టి పూసేవాళ్లు. అదే గిన్నె గ్యాస్ మీదకి ఎక్కితే నాలుగు ఇనుప కాళ్ల మీద ఊగుతుంది. ఎండిన మట్టి పెచ్చులూడి బర్నర్ రంధ్రాల్లో పడుతుంది. మంట పచ్చగా మారుతుంది. గ్యాస్ మంట నీలంగా ఉండాలి. పచ్చబడిందంటే గ్యాస్ పూర్తిగా కాలడం లేదని, ఆ గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతోందని అర్థం. దానికి రంగూ లేదు, బూ లేదు.

ఇక దేగ్. తెలుగువాళ్లు డేగిసా అనేది మన దేగ్చా నుంచి పోయిందే. మాట ఇచ్చాం సరే, ఆ గిన్నెని ఎక్కడ పెట్టాలో కూడా చెప్పి ఉండాల్సింది. ఫాతిహా అనో, అఖీఖా అనో, బకరీద్ అనో నలభై మంది మేమాన్లు వస్తారు. మూడు కిలోల బియ్యం, నాలుగు కిలోల గోష్, పెరుగు, నూనె, దేగ్ బరువు కలిపితే పది కిలోలు దాటిపోతుంది. దాన్ని రెండు బర్నర్ల మీద అడ్డంగా పెడతారు. పైన గాజు పలక ఉన్న స్టవ్ అయితే ఆ బరువుకీ వేడికీ ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. గాజు పగలకపోయినా ఖతరా తప్పదు. దేగ్ అడుగు స్టవ్ అంచులు దాటి పరుచుకుంటే మంటకి గాలి అందదు. వేడి పైకి పోయే దారి లేక కిందికి తిరుగుతుంది. నాబ్‌ల మీదకి, వెనకాల రబ్బర్ పైపు తగిలించిన చోటికి వస్తుంది. దమ్ అంటే ఆ వేడి అరగంట, ముప్పావుగంట అలాగే ఉంటుంది. మూత మీద నిప్పులు కూడా పోస్తే ఒక రవ్వ జారి పైపు మీద పడడానికి ఎంతసేపు?

మా దూరపు ఖాలా ఒకావిడని అడిగాను, ఇంత దేగ్ వంటగదిలో ఎందుకు పెట్టారని. "క్యా కర్నా బేటా, బయట బావర్చీని పెడితే ఖర్చని మీ ఖాలూ ఒప్పుకోరు. దావత్ చిన్నది చేద్దామంటే ఇజ్జత్ పోతుందంటారు" అంది. అసలు మాట ఇదే. దేగ్ ఎంతుండాలో నిర్ణయించేది మగవాళ్లు. దాని పక్కన నైలాన్ దుపట్టాతో గంటలు గంటలు నిలబడేది ఆడవాళ్లు. పైపు మార్చమంటే "ఇప్పుడే ఏమైంది" అనేది మళ్లీ మగవాళ్లే. ఏదైనా జరిగితే మాత్రం "ఆమె చూసుకోలేదు" అంటారు. ఇందులో ఇన్సాఫ్ ఎక్కడుంది?

నా ఖయాల్ సాఫ్‌గా చెబుతాను. ఇంటి గ్యాస్ స్టవ్ మీద దేగ్ ఎక్కించకూడదు. దావత్ వంటకి కట్టెల పొయ్యో, పెద్ద బర్నరో ఆరుబయట పెట్టుకోవాలి. తాటాకు కప్పులకి దూరంగా, సముద్రపు గాలి నేరుగా తగలని చోట. కట్టెల మీద దమ్ బిర్యానీకి ఉండే మజా వేరు అని అందరూ అనేదే కదా, మరి ఆ కట్టెల దగ్గరికే వెళ్లండి. లేదంటే రెండు చిన్న దేగ్చీల్లో రెండు విడతలుగా వండుకోవాలి. బల్లపరుపు, మందపాటి అడుగు ఉన్న దేగ్చీ, మంట అంచు గిన్నె అడుగు దాటి బయటికి రాకుండా. దమ్‌కి కింద తవా పెట్టుకోవచ్చు, కానీ బర్నర్ మొత్తాన్ని మూసేసేంత పెద్దది కాదు.

రాగి దేగ్చీలు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటికి లోపల పూసే కలాయి తగరం. అది 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బగారా అన్నానికి నూనె పొగలొచ్చేదాకా కాగనిచ్చినా, ఖాళీ దేగ్చీని మంట మీద మరిచిపోయినా కలాయి పోతుంది. అప్పుడు పుల్లటి ఖట్టా నేరుగా రాగికి తగులుతుంది, అది జహర్. నాన్‌స్టిక్ పెనాన్నీ ఖాళీగా వేడి చేయకూడదు. 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడై పొగలు వస్తాయి. మట్టి హండీ అయితే సన్నని మంట మీద మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. కుక్కర్ సంగతి అందరికీ తెలిసిందే: గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ అసలువే వేయాలి.

మూలపేటలాంటి ఒడ్డు ఊళ్లలో ఇంకో దుష్మన్ ఉంది, ఉప్పుగాలి. నౌపడ ఉప్పు మడుల పక్కన పుట్టినవాళ్లకి చెప్పనక్కర్లేదు. బర్నర్లు, స్టవ్ కాళ్లు, పైపు క్లిప్పులు తుప్పు పట్టడానికి అక్కడ ఎక్కువ కాలం పట్టదు. వారానికోసారి బర్నర్ తీసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టండి. కిటికీ గాలికి మంట ఆరిపోయి గ్యాస్ మాత్రం వస్తూనే ఉండే ప్రమాదం కూడా అక్కడే ఎక్కువ. కాబట్టి స్టవ్ కిటికీకి ఎదురుగా వద్దు. 2023 ఏప్రిల్‌లో పోర్టుకి శంకుస్థాపన అయ్యాక అటు పనికి వెళ్లిన పిల్లలు అద్దె గదుల్లో ఉంటారు. చిన్న సిలిండర్ నెత్తిన బర్నర్ బిగించి, దాని మీదే గిన్నె పెట్టి వండుకునే ఆదత్ మంచిది కాదు. గిన్నె ఒరిగితే సిలిండరే ఒరుగుతుంది. పడుకునేదీ ఆ గదిలోనే.

నిద్ర మాట వచ్చింది కాబట్టి ఒకటి. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు మనుషులతో సహా కాలిపోయిందని విన్నప్పుడు, పడుకునే ముందు నిప్పు ఆర్పేయమని రసూలుల్లాహ్ (స) తాకీదు చేసిన సంగతి సహీ బుఖారీలో ఉంది. మన కాలంలో నిప్పు ఆర్పడమంటే నాబ్ తిప్పడంతో అయిపోదు, రెగ్యులేటర్ కూడా కట్టాలి. రమ్‌జాన్‌లో సెహ్రీకి కళ్లు నలుపుకుంటూ లేచి మొదట లైట్ వేయడం మన ఆదత్. ముందు వాసన చూడండి. గ్యాస్ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుని ఉంటుంది. వాసన వస్తే ఏ స్విచ్ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టి, తలుపులు తీసి, అందరూ బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి. లీకు ఉందేమోనని అగ్గిపుల్ల గీసి చూసే బహాదుర్లు ఇంకా ఉన్నారు. సబ్బు నీళ్లు రాస్తే బుడగలే చెబుతాయి. ఇఫ్తార్‌కి సమోసాలు వేయించేటప్పుడు నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి. గ్యాస్ కట్టి మూత పెట్టేయండి.

ఖర్చు గురించి అడుగుతారు. సిలిండర్ డబ్బు మన ఖాతాలో తిరిగి పడుతోంది కదా, అందులోంచే మొదటిసారి ఐఎస్ఐ గుర్తున్న సురక్షా పైపు కొనండి. ఒకటిన్నర మీటరుకి మించనిది. ఐదేళ్లకోసారి మార్చాలి. రెండోసారి మంచి అడుగున్న దేగ్చీ. జహేజ్ మీద నాకున్న కోపం వేరే సంగతి. ఇచ్చేవాళ్లు ఎలాగూ ఆగరు కాబట్టి, ఎప్పుడూ వాడని ఇత్తడి బిందెల బదులు ఆ దేగ్చీ ఇవ్వండి. కింద కూర్చుని వండే అలవాటున్నవాళ్లు స్టవ్‌ని అరుగు మీదకి ఎక్కించండి. సిలిండర్ నిటారుగా, స్టవ్ కంటే కిందగా ఉండాలి.

ఇంకో పని ఇంటి మగవాళ్లు చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. సిలిండర్ తెచ్చిన అబ్బాయి వెళ్లకముందే సీల్ చూడండి. పైన పిడి దగ్గర పట్టీ మీద ఒక అక్షరం, ఒక సంవత్సరం రాసి ఉంటాయి. ఏ అంటే మార్చి దాకా, బీ జూన్, సీ సెప్టెంబర్, డీ డిసెంబర్. ఆ గడువు దాటి ఉంటే తీసుకోకుండా వెనక్కి పంపించండి.