జాగిలానికి పని ఏది?

మా ఇంట ఐదు కుక్కలున్నాయని తెలిసిన మిత్రులు వేసే మొదటి ప్రశ్న: “ఏ జాతివండీ?” మూడింటికి జాతి లేదు, మదనపల్లె వీధులే వాటి పుట్టిళ్ళు. నాలుగవది రాజపాళయం, ఐదవది ఆల్సేషియన్. ఈ రెండూ వీధిలో దొరికినవే! వేలు పోసి కొన్న మహానుభావులెవరో వదలివేసినవి. ఊరకుక్క కన్నా జాతికుక్కే మన చేతిలో ఎక్కువ బాధపడుతున్నదని నా అభిప్రాయం.

జాగిలమన్నది మన భాషలో పాత మాట. ప్రబంధకవులు రాజుల మృగయావినోదం వర్ణించేటప్పుడు జాగిలాలను మరవరు. రాజపాళయం, చిప్పిపారై తమిళదేశానివి; ముధోల్ కన్నడదేశానిది. అడవిపందినో కుందేటినో తరమడానికి తరతరాలుగా మలచిన దేహాలవి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, వేట పోయింది. పోవలసిందే. కానీ చట్టం వేటను ఆపగలదు గాని జాగిలం కాళ్ళలోని పరుగును ఆపలేదు కదా! 2005లో తపాలా శాఖ రాజపాళయం, ముధోల్ మొదలైన నాలుగు దేశీయ జాతుల బొమ్మలతో బిళ్ళలు వేసింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి ఆకాశవాణి ప్రసంగంలో దేశీయ జాతులనే పెంచుకొమ్మన్నారు. సంతోషమే. అయితే దేశాభిమానంతో కొన్న జాగిలాన్ని రెండు సెంట్ల జాగాలో గొలుసుతో కట్టిపడేస్తే అది అభిమానమెలా అవుతుంది?

మా రాజపాళయానికి పుట్టుచెవుడు. తెల్లని ఆ జాతిలో ఇది అరుదు కాదు. వెనుకనుంచి ముట్టుకుంటే ఉలిక్కిపడి పళ్ళు చూపుతుంది. పొగరుబోతనుకొని వదలివేసి ఉంటారు. నేను కాలితో నేలను తట్టి, ఎదుటికి వచ్చి, చేతిసైగ చేస్తాను. అంతే, మేకపిల్లలా వస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు టమోటా తోటల గట్ల వెంట దాన్ని నడిపించకపోతే ఆ రోజు ఇంట్లో ఎవరికీ శాంతి ఉండదు. ఆల్సేషియన్ మందకాపరి జాతి. పని లేకపోతే తానే పని కల్పించుకుంటుంది. తక్కినవాటిని వరండాలో ఒక మూలకు తోలుతుంది. సరమ మాత్రం తోలించుకోదు. (భారతం ఆదిపర్వంలో తన బిడ్డను నిష్కారణంగా కొట్టారని జనమేజయుణ్ణి నిలదీసిన దేవశునకం పేరు పెట్టాను మరి!) ఐదింటికీ రాగిసంగటే. ఖర్చు కన్నా ఓపిక ఎక్కువ కావాలి.

పక్కింటివారు పిల్లలను మా గుమ్మం ముందుగా పంపడానికి జంకుతారు. వారి భయాన్ని నేను తప్పు పట్టను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బ్రతికినవారు దాదాపు లేరు. అందుకే అన్నింటికీ ఏటా టీకా, ఊరకుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స. టీకా చీటీలు అడగకముందే చూపిస్తాను. కుక్కలను ప్రేమించేవారు కుక్క కరిచిన బిడ్డ తల్లితో వాదానికి దిగడం నాకు సహించదు.

2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలను పట్టి ఆశ్రయాలలో ఉంచమన్నది. 22న దాన్ని సవరించి, రేబిస్ సోకినవీ దుడుకువీ తప్ప తక్కినవాటిని చికిత్స, టీకా తరువాత పట్టినచోటనే వదలమన్నది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తొలగించి తిరిగి అక్కడ వదలవద్దన్నది. నలభై ఏళ్ళు బడిలో గడిపినవాడిగా చివరిదానితో నాకు పేచీ లేదు, ఆశ్రయాలంటూ నిజంగా ఉంటే. కానీ ఈ గొడవంతా వీధికుక్క చుట్టూనే తిరిగింది. పెంచి అమ్మేవారి మాట, కొని పారవేసేవారి మాట ఎవరెత్తారు? 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కానివారు కుక్కలను పెంచి అమ్మరాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. కళ్ళు తెరిచీ తెరవని కూనలను అట్టపెట్టెల్లో తెచ్చి అమ్ముతుంటే, నమోదు పత్రం చూపమని అడిగిన కొనుగోలుదారు నాకింతవరకూ తారసపడలేదు.

మొన్న మా వీధిలో ఒకాయన ముధోల్ పిల్లను తెస్తున్నానని చెప్పాడు. ఉదయం ఎన్నింటికి లేస్తారని అడిగాను. ఏడున్నరకట.