సర్వర్ పెట్టేస్తే సరిపోతుందా?

రేడియో మీద ఈమెయిల్ పంపే విన్‌లింక్ గేట్‌వే పెట్టడం, హామ్ లైసెన్సున్న సాఫ్ట్‌వేర్ జనాలకి పెద్ద పనేం కాదు. ఒక వీహెచ్‌ఎఫ్ సెట్టు, మేడ మీద యాంటెన్నా, నెట్ ఉన్న పాత కంప్యూటర్లో డైర్‌వుల్ఫ్, దానితోపాటు గేట్‌వే సాఫ్ట్‌వేర్ ఉంటే చాలు. అసలు తంటా ఆ తరవాతే. వాడేవాళ్ళేరీ?

1200 బాడ్ అంటే సెకనుకి 150 బైట్లు కూడా రావు. జేబులో ఫోనుండగా ఇదెందుకూ అంటారు. మామూలు రోజుల్లో నిజంగానే అక్కర్లేదు. కానీ 2014 అక్టోబర్లో హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటప్పుడు నెట్ పనిచేస్తున్న ఏదో ఒక గేట్‌వేని రేడియో అందుకుంటే, మందుల జాబితా అక్షరం పొల్లు పోకుండా మామూలు మెయిలుగా చేరిపోతుంది. అయితే ఆ రోజు కూర్చుని సెట్టింగులు వెతుక్కునేవాడికి మాత్రం అది పనికిరాదు.

అందుకే అప్‌టైమ్ చూసుకుని మురిసిపోయే బదులు, కొత్త హామ్ పక్కన కూర్చుని మొదటి మెయిల్ పంపించండి అంటాను. అమెరికాలో చాలామంది హామ్‌లు ప్రతి బుధవారం విన్‌లింక్‌లో హాజరు వేయించుకుంటారు. మనకి కావలసింది ఆ అలవాటే. వారానికో మెయిల్, అదీ బ్యాటరీ మీద.

ఓసారి మీ లాగ్ తెరిచి చూడండి. మీ కాల్‌సైన్ ఒక్కటే కనిపిస్తే, ముందు పక్క వీధి హామ్‌కి ఫోన్ కొట్టండి.