దినవారాలయ్యాక

మనిషి పోయిన యింట్లో ఏడుపు సద్దుమణగక ముందే ఎవరో ఒక పెద్దమనిషి “ప్రొబేటు తెచ్చుకోవాలమ్మా, లేకపోతే చిల్లిగవ్వ చేతికి రాదు” అని చెప్పి వెళ్తాడు. మద్రాసులో కాపురమున్న చుట్టం ఎవరో అనగా విన్నమాట అది.

సంగతేమంటే, హిందువు వ్రాసిన వీలునామాకు కోర్టు ధ్రువీకరణ, అంటే ప్రొబేటు, తప్పనిసరి అన్న నిబంధన మద్రాసు, బొంబాయి నగరాలకూ, బెంగాలుకూ, అక్కడ స్థిరాస్తి ఉన్నవారికీ పెట్టినది. 1870 నాటి హిందూ విల్స్ చట్టంలోనూ, 1925 నాటి భారత వారసత్వ చట్టంలోనూ అంతే. దత్తమండలాలు మద్రాసు రాజధానిలోనివే అయినా తనకల్లు భూములకు ఆ బెడద అంటలేదు. ఇప్పుడు ఆ నగరాలకూ లేదు. 2025లో పార్లమెంటు ఆ సెక్షనునే తొలగించింది. అసలు మన పల్లెల్లో 1927కు ముందు నోటితో చెప్పిన వీలునామా కూడా చెల్లేది. ఆ తరువాతనే వ్రాతా, ఇద్దరు సాక్షులూ కావలసివచ్చినవి. (వీలునామాలో “వీలు” మన తెలుగు వీలు కాదు సుమా! ఇంగ్లీషు విల్లుకు పారశీకపు నామా తగిలించి మన కరణాలు చేసిన మాట. వ్రాసినవాడి వీలు కోసమే అనుకునేవారు ఇప్పటికీ కద్దు.) సాక్షులను మాత్రం మీకంటె చిన్నవారిని పెట్టుకోండి. రేపు తగవు వస్తే వారిలో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పాలి.

వీలునామా లేదు, అయిదెకరాల వేరుశెనగ చేను, బ్యాంకులో కొంత డబ్బు, భార్య, కొడుకు, పెండ్లయిన కూతురు, ముసలి తల్లి. తనకల్లు చుట్టుపట్ల చాలా యిళ్ల లెక్క యింతే. చేను స్వార్జితమైతే 1956 చట్టం ప్రకారం ఆ నలుగురికీ సమాన వాటాలు. తల్లిని అందరూ మరచిపోతారు. పిత్రార్జితంలో కూతురికి 2005 నుంచి కొడుకుతోపాటు పుట్టుకతోనే హక్కు. ముస్లిం కుటుంబాలకు వాటాలు వారి ధర్మశాస్త్రం ప్రకారం వేరు. వారసులు ఒప్పుకోకపోతే వీలునామా మూడోవంతుకు మించి చెల్లదు.

మొదటి కాగితం మరణ ధ్రువపత్రం. 21 రోజుల లోపల నమోదు చేయిస్తే చిక్కు లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. మనవాళ్లు వైద్యానికి బెంగుళూరు పోతారు, అక్కడే కన్నుమూస్తారు, ఇక్కడికి వచ్చి పంచాయతీ ఆఫీసులో అడుగుతారు. మరణం ఎక్కడైతే నమోదు అక్కడే. ఆసుపత్రి నుంచి బయటికి వచ్చేటప్పుడే ఆ పని చూసుకోవాలి. పేరు కూడా చూడండి. ఆధారులో నరసింహులు, పాసుపుస్తకంలో నరసింహప్ప, బ్యాంకులో చిన్న నరసింహులు! కదిరి దేవుడి దయవల్ల యింటికొక నరసింహులున్న సీమలో ముగ్గురూ ఒకరే అని నిరూపించడానికి చెప్పులరిగిపోతాయి.

తాసిల్దారు ఇచ్చే కుటుంబసభ్యుల ధ్రువపత్రంతో భూమి పాసుపుస్తకం మార్పించుకునే పని మొదలుపెట్టవచ్చు. కోర్టు ఇచ్చే వారసత్వ సర్టిఫికెట్టు వేరు. అది మృతునికి రావలసిన బాకీలకూ, బ్యాంకు సొమ్ముకూ, బాండ్లకే గాని చేనుకు పనికిరాదు. నామినీ లేని చిన్న మొత్తాలకు కోర్టుకు పోకుండానే బ్యాంకులు సొమ్ము చెల్లించే పద్ధతి ఉన్నది, ముందు మేనేజరును అడగండి. నామినీ ఉంటే డబ్బు అతని చేతికి వస్తుంది, అంతమాత్రాన అతనిదైపోదు. భీమా విషయంలో కూడా సుప్రీంకోర్టు 1984లో ఈ మాటే చెప్పింది గాని, 2015లో ఆ చట్టం మారింది. బ్యాంకు సొమ్ముకు నామినీగా కొడుకు పేరున్నా తల్లి వాటా తల్లిదే.

ఇవన్నీ నెమ్మదిగా జరిగే పనులు. తొందర చేసేవారు వేరే ఉంటారు. పెద్దకర్మ నాడు, బంధువులందరూ ఉన్నారు కదా అని, ఆడబిడ్డ ముందు ఒక కాగితం పెడతారు. పుట్టింటి మీద ప్రేమ ఉంటే సంతకం చెయ్యమంటారు. ఆమె నిజంగా వాటా వదులుకోదలిస్తే అది ఆమె యిష్టం. రెండు నెలలు పోయాక, చదివి, రిజిస్ట్రారు ఎదుట చెయ్యవచ్చు. విస్తరాకులు ఎత్తకముందే ఎందుకు?

రెండో కాగితం భార్య ముందుకు వస్తుంది. వాన లేని ఏడు విత్తనాలకో, బోరుకో తీసుకున్న బాకీ ఇది. “నోటు తిరగరాయమ్మా, వడ్డీ తరువాత చూసుకుందాం” అంటాడు షావుకారు, ఎంతో దయగా. చట్టం ప్రకారం మృతుని బాకీకి వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. చేను చాలకపోతే ఆమె కూలిడబ్బు, పుట్టింటివారు పెట్టిన నగ ముట్టుకోవడానికి వీల్లేదు. కొత్త నోటు మీద వేలిముద్ర పడిందా, బాకీ ఆమె స్వంతమవుతుంది. పైగా ప్రోనోటుకు గడువు మూడేళ్లు. మధ్యలో జమ గాని, వ్రాతపూర్వకంగా ఒప్పుకోలు గాని లేకపోతే పాతది కోర్టులో నిలవదు. షావుకారి తొందర అందుకే. అతను వచ్చినప్పుడు పాత నోటు చూపమని అడగండి, తేదీ చూడండి, జమలు వెనకవైపు వ్రాశాడో లేదో చూడండి, నకలు ఒకటి తీసుకుని నెల తరువాత రమ్మని చెప్పి పంపండి.